నక్కల హళ్ళ పూడ్చినాక

కాలువకు నీళ్లు వదిలిన మొదటి ఏడు హనుమవ్వ పసుపూ కుంకుమా కొంగున ముడేసుకుని రెండు మైళ్లు నడిచి వెళ్లి, గట్టు మీద టెంకాయ కొట్టి వచ్చింది. కోడలు నింగమ్మ వెంట వెళ్లింది గానీ నీళ్ల దాకా దిగలేదు. ఆ కాలువ తవ్వకంలోనే హనుమవ్వ కొడుకు, నింగమ్మ మొగుడు దేవప్ప మూడేళ్లు మట్టి తట్టలు మోశాడు. నీళ్లు రావడానికి ఇంకో ఏడాది ఉందనగా పనిచోటనే వాంతులూ విరేచనాలూ పట్టుకుని రెండు రోజుల్లో పోయాడు. పోయేదాకా అతనికి ఒకటే ధ్యాస, నీళ్లొస్తే తమ చేను ఎట్లా ఉంటుందోనని.

ఆ చేను ఐదెకరాలు. కన్నడ సీమలో, సిరవారకు ఆరు మైళ్లలో ఉన్న హిరేదొడ్డి అనే ఊళ్లో, ఊరికి దిగువన పల్లంలో ఉంది. మంచి నల్లరేగడి. వానలు పడి తడి దిగాక తెల్లజొన్న విత్తితే, ఆపైన చుక్క వాన లేకపోయినా పంట చేతికొచ్చేదాకా ఆ నేల చెమ్మ దాచిపెట్టుకునేది. చేను అంచు వెంట ఒక చిన్న వాగు దిగేది. వానాకాలం నాలుగు నెలలే దాన్లో నీళ్లు. ఎగువ మెరక మీద పడిన వాననంతా పోగుచేసుకుని, నింగమ్మ చేను పక్కగా సాగి, రెండు ఫర్లాంగుల అవతల పెద్దవాగులో కలిసేది. హళ్ళ అంటే అక్కడ వాగు; ఊరివాళ్లు దాన్ని నక్కల హళ్ళ అనేవాళ్లు.

ఎగువ మెరక ఊరి గౌడది. కాలువ వచ్చిన రెండో ఏడు ఆయన ఆ ఇరవై ఐదెకరాలనూ తెనాలి వైపు నుంచి వచ్చిన బాపయ్యకు అమ్మేశాడు. బాపయ్య అక్కడ ఉన్న రెండెకరాలూ అమ్ముకుని, పెళ్లాం వెంకటరత్నమ్మను తీసుకుని, బియ్యం బస్తాలతో, మడకలతో లారీలో దిగాడు. మొదటి ఏడు తాటాకు పాక వేసుకున్నారు. అటువంటి పాకలు పది అయ్యేసరికి దానికి క్యాంపు అని పేరొచ్చింది.

బాపయ్య పనిమంతుడు. పొద్దు పొడవకముందే పొలంలో ఉండేవాడు. ఆ మెరకను మడులు మడులుగా కట్టి, కాలువ తూము నుంచి బోదె తెచ్చి, మొదటి ఏడే వరి పండించాడు. హిరేదొడ్డివాళ్లు అంత పచ్చదనం అంతకు ముందు చూడలేదు. నాట్లకు ఆడవాళ్లను పిలిచినప్పుడు నింగమ్మా వెళ్లింది. మోకాలి లోతు బురదలో నిలబడి మూడు వేళ్లతో నారు గుచ్చడం వెంకటరత్నమ్మే ఆమెకు నేర్పింది. మధ్యాహ్నం మజ్జిగ పోసేది, కొత్త బియ్యం వచ్చాక ఒక చాటెడు కొంగులో పోసి పంపేది. చెడ్డమనుషులని నింగమ్మ వాళ్లను ఎన్నడూ అనుకోలేదు. తరవాత కూడా అనలేదు.

మూడో ఏడు ఎండాకాలంలో బాపయ్య అద్దెకు బుల్డోజరు తెప్పించాడు. నక్కల హళ్ళ అతని పొలాన్ని రెండు ముక్కలు చేస్తోంది. ఇవతలి వైపు మడుల నుంచి అవతలి ఆరెకరాలకు నీళ్లు పారించడం కష్టంగా ఉంది. హళ్ళను పూడిస్తే అంతా ఒకే చెక్క అవుతుంది, హళ్ళ ఉన్నచోట మరో ఎకరం మిగులుతుంది. బుల్డోజరు మెరక తట్టు మట్టిని నెట్టుకొచ్చి హళ్ళలో పోస్తుంటే నింగమ్మ తన చేన్లో జొన్నమొదళ్లు ఏరుతోంది. కొడవలి అక్కడే పడేసి వచ్చింది.

"సావుకారీ, హళ్ళను పూడ్చకు," అంది. "మీది నీళ్లన్ని దాన్లకెల్లే పోతయి. అది లేకుంటే యాడికి పోవాల?"

బాపయ్య తలగుడ్డ విప్పి మొహం తుడుచుకున్నాడు. "ఎనిమిది నెలలు ఎండిపోయి ఉండే గొయ్యమ్మా అది. మిగిలిన నీళ్లు నీ చేలోకేగా వచ్చేది. ఊరికే వచ్చే నీళ్లు వద్దనేవాళ్లని నిన్నే చూశాను."

బుల్డోజరు నడిపే మనిషి నవ్వాడు. బాపయ్య వెటకారంగా అనలేదు, నిజంగానే అనుకున్నాడు. ఇంటికొచ్చి అత్తకు చెబితే హనుమవ్వ కూడా అదే మాట అంది. నీళ్ల కోసమే కదా తన కొడుకు ప్రాణం పోయింది, వచ్చే నీళ్లను కాదనడానికి నువ్వెవరు అంది.

ఆ ఏడు, ఆ మరుసటి ఏడు నింగమ్మ చేన్లో జొన్న మనిషి నిలువు దాటి పెరిగింది. కంకులు పిడికిట్లో పట్టలేదు. ఎగువ మడుల్లోంచి ఊటనీరు నేల లోపల్లోపలే దిగి ఆమె చేనికి చేరుతోంది. తాను బాపయ్యతో వాదులాడినందుకు నింగమ్మకు సిగ్గేసింది. ఒకరోజు నాట్ల దగ్గర ఆ మాట వెంకటరత్నమ్మతో అనేసింది కూడా.

చేని గట్టున దేవప్ప తాత తవ్విన బావి ఉంది. ఏడు నిలువుల లోతు, నీళ్లు అడుగున ఎక్కడో తళుక్కుమనేవి. నింగమ్మ కాపురానికి వచ్చిన నాటినుంచి తాడు లాగి లాగి అరచేతులు కాయలు కాశాయి. ఆ నీళ్లు ఇప్పుడు పైకి రావడం మొదలుపెట్టాయి. ఒక ఏడు సగానికి వచ్చాయి. మరుసటి ఏడు వానాకాలం పోయేసరికి వంగి చేత్తో కడవ ముంచుకునేంత పైకి వచ్చాయి. ఊరి ఆడవాళ్లంతా చూడ్డానికి వచ్చారు. హనుమవ్వ మళ్లీ టెంకాయ కొట్టింది, ఈసారి బావికి.

ఆ తరవాత కొన్నాళ్లకు ఇంట్లో పప్పు ఉడకడం మానేసింది. పొద్దుటినుంచి కట్టెలు తోసినా కందిబద్ద బద్దగానే ఉండేది. హనుమవ్వ కోడలి మీద కోపగించుకుంది. పుల్లలు పచ్చివని, మనసు పొయ్యి మీద లేదని. నింగమ్మ కందులు మార్చింది, కుండ మార్చింది. చివరికి క్యాంపు నుంచి కాలువ నీళ్లు కడవెడు తెచ్చి పోస్తే అదే పప్పు గంటలో మెత్తగా ఉడికింది. అప్పుడు బావినీళ్లు పుక్కిలించి చూసింది. మొదట ఏమీ తెలియలేదు. మింగాక నాలుక వెనకాల చేదుగా, ఉప్పగా నిలిచిపోయింది.

ఆ చలికాలం చేన్లో జొన్న మోకాలెత్తు దాకా వచ్చి ఆగిపోయింది. ఆకుల అంచులు కాలినట్టు ఎర్రబడ్డాయి. తెల్లవారి చేనికి పోతే సాళ్ల మధ్య మట్టి మీద సున్నం జల్లినట్టు తెల్లగా ఉండేది. పాదం పెడితే కరకరమనేది. వేలితో తీసి నాలుక మీద పెట్టుకుంది. అది మంచు కాదు.

ఎళ్ళమాస పండగ వచ్చింది. ఆ రోజు ఆ సీమలో ప్రతి ఇల్లూ జొన్నరొట్టె, పుంటికూర, సజ్జ కుడుములు వండుకుని చేనికి పోయి, నాలుగు మూలలా మెతుకులు చల్లి భూమికి తినిపించి వస్తుంది. చరగ చల్లడం అంటారు. అత్తాకోడళ్లిద్దరూ గంప నెత్తిన పెట్టుకుని పోయారు. హనుమవ్వకు అప్పటికి చూపు సరిగా ఆనదు. అలవాటుగా గట్టు దిగి, వంగి, ఒక మెతుకుల ముద్ద నేల మీద పెట్టి, చేత్తో తడిమింది. తెలుపు ఆమె వేళ్లకంటుకుంది. కాసేపు వేళ్లు రుద్దుకుంటూ నిలబడింది.

"ఏంది ఇది, నింగీ?" అంది.

"సౌడు, అత్తా."

"మన చేన్లనా?"

నింగమ్మ గంప అందుకుంది. మిగిలిన మూడు మూలలా తానే చల్లింది. తెచ్చుకున్న రొట్టెలు ఇద్దరూ అక్కడ తినలేకపోయారు.

నింగమ్మ లింగసుగూరులోని సర్కారు ఆఫీసుకు బస్సెక్కి పోయి దరఖాస్తు రాయించి ఇచ్చింది. రెండుసార్లు పోతే ఎవరూ కదల్లేదు. మూడోసారి వ్యవసాయ శాఖలో కొత్తగా చేరిన సూర్యప్రకాశ్ అనే కుర్ర అధికారి ఆమె చేతిలోని పొట్లం విప్పి చూశాడు. ఈసారి ఆమె కాగితం ఇవ్వలేదు, తన చేని మట్టి ఇచ్చింది. వారం తిరక్కుండా అతను సైకిలు మీద హిరేదొడ్డికి వచ్చాడు.

పార అడిగి చేని నడుమ తానే గొయ్యి తీశాడు. రెండు అడుగులు దిగకముందే అడుగున నీళ్లు ఊరాయి. గోతి అంచున కూర్చుని కన్నడంలో నింగమ్మకు నిదానంగా చెప్పాడు. ఈ నల్లమట్టి అడుగున ఎన్నో వేల ఏళ్లుగా ఉప్పు పడుకుని ఉంది. వాన నీళ్లు కొద్దిగా దిగి కొద్దిగా ఆరిపోయినన్నాళ్లు దాని జోలికి ఎవరూ పోలేదు. ఇప్పుడు ఎగువ మడుల్లో ఏడాది పొడుగునా నీళ్లు నిలబెడుతున్నారు. అవి దిగి దిగి, పోయే తోవ లేక పైకి లేచాయి. లేస్తూ ఉప్పును కరిగించి వెంట తెచ్చాయి. ఎండ నీళ్లను తాగేసి ఉప్పును మాత్రం పైన వదిలేస్తోంది. చేను చావలేదు, మునిగి నీళ్లు మింగిన మనిషిలాగ ఉంది. నీళ్లు దింపితే బతుకుతుంది.

నింగమ్మ అతన్ని వెంటబెట్టుకుని బాపయ్య దగ్గరికి తీసుకెళ్లింది. అప్పటికి పాక స్థానంలో పెంకుటిల్లు లేచింది. సూర్యప్రకాశ్ అరుగు మీద కూర్చుని వచ్చీరాని తెలుగులో మాట్లాడాడు. అసలు ఆ మెరక సర్కారు లెక్కలో వరికి ఇచ్చింది కాదన్నాడు. జొన్న, పత్తి, వేరుశనగ వేసి ఆరుతడి పెట్టుకోవడానికే అక్కడ తూము ఇచ్చారు. వరి మానలేకపోతే రెండో పంటైనా మానాలి, పూడ్చిన వాగును మళ్లీ తెరవాలి అన్నాడు. బాపయ్య ఎక్కడా కోపగించుకోలేదు. క్యాంపులో అందరూ వరే వేస్తున్నారని, తానొక్కడు మానితే నీళ్లు ఆగుతాయా అని అడిగాడు.

వెంకటరత్నమ్మ లోపలినుంచి మంచినీళ్ల చెంబు తెచ్చి పెడుతూ ఆ మాటలు విన్నది.

"మన ఊళ్ళో పంటకాలవ పక్కనే మురుగుకాలవ కూడా ఉంటదిగా," అంది మొగుడితో. "మీ నాన్న ఏటేటా తూడు పీకించేవాడు. మురుగు పోకపోతే వరి కుళ్లుద్దని మీరే చెప్పేవారు."

బాపయ్య ఆమె వైపు చూడలేదు. చెంబు అందుకుని సూర్యప్రకాశ్ ముందుకు జరిపాడు.

"అక్కడ గవర్నమెంటోళ్లు తవ్వించారు," అన్నాడు. "ఇక్కడా తవ్వించమనండి. నా పొలంలో ఎకరం నేనెందుకు పోగొట్టుకోవాలి?"

సూర్యప్రకాశ్ సైకిలెక్కి వెళ్లిపోయాడు. రిపోర్టు మాత్రం రాశాడు. ఆరు నెలల తరవాత ఆమె మళ్లీ లింగసుగూరు పోతే, కాలువలు తవ్వడానికి పద్దు ఉందిగానీ మురుగు తవ్వడానికి ఏ పద్దూ లేదని పైవాళ్లు రాశారని, తల వంచుకుని చెప్పాడు. అటుపైన ఆమె ఆ ఆఫీసు మెట్లెక్కలేదు.

చేన్లో మూడున్నర ఎకరాలు పోయాయి. కాస్త ఎత్తుగా ఉన్న తూర్పు మూల ఎకరన్నర మాత్రం మిగిలింది. అందులో పండే జొన్నలతో, బాపయ్య పొలంలో నాట్లకూ కోతలకూ పోయిన కూలితో ఆమె అత్తను సాకింది. పోయిన చేన్లో జమ్ము మొలిచింది. కోసి చాపలు అల్లేది. నీ చేను ముంచిన మడుల్లోనే వంగి నారు వేస్తున్నావని తోటి ఆడవాళ్లలో ఒకామె అన్నప్పుడు, కడుపుకు వేరే మడి ఎక్కడుందో చెప్పమంది. హనుమవ్వ మరో రెండేళ్లు బతికి, చేని మీద ఏదో శాపం ఉందని నమ్ముతూనే పోయింది. నక్కల హళ్ళ మాట ఎంత చెప్పినా ఆమెకు ఎక్కలేదు. నీళ్ల వల్ల చేటు జరుగుతుందంటే కొడుకు చావుకు అర్థం లేకుండా పోతుందని భయపడిందేమో, నింగమ్మ ఆమెతో వాదించడం మానేసింది.

పూడ్చిన పదేళ్లకు చౌడు ఎగువకు పాకింది. ముందు బాపయ్య దిగువ మడిలో వరి పిలకలు వేయలేదు. తరవాతి ఏడు నాలుగెకరాల్లో ఆకు కొసలు పండుబారాయి, గింజలు తాలుపోయాయి. జనుము చల్లి దున్నాడు, ఎరువు రెండింతలు వేశాడు, జిప్సం తెప్పించి చల్లాడు. ఏ మందు వేసినా కింద నీళ్లు నిలిచే ఉన్నాయి కనుక ఫలితం లేకపోయింది. అప్పుడు హళ్ళను తెరవాలనుకున్నాడు. అయితే పదేళ్ల దున్నకాలతో, చదునుతో హళ్ళ ఆనవాలే చెరిగిపోయింది. ఒకచోట తవ్వించి చూస్తే గట్టి బంకమట్టి వచ్చింది గానీ హళ్ళ ఇసక తగల్లేదు.

వైశాఖంలో ఒక పొద్దున బాపయ్య నింగమ్మ ఇంటికి వచ్చాడు. అదే మొదటిసారి అతను ఆ గడప దగ్గరికి రావడం. చాప పరిస్తే కూర్చోలేదు, నిలబడే చెప్పాడు.

"హళ్ళ ఎక్కడెక్కడ నుంచి పోయేదో నీకు తెలుసుగా. కాస్త చూపించమ్మా."

నింగమ్మ అల్లుతున్న చాప పక్కన పెట్టింది. "ఇప్పుడు యాదికొచ్చిందా, సావుకారీ?"

అతను తలగుడ్డ విప్పాడు. ఎండకు నల్లబడిన మొహం, కళ్ల కింద ముడతలు. ఆ పదేళ్లలో ఈయనా ముసలివాడయ్యాడని ఆమెకు అప్పుడు తట్టింది.

"చూపిస్త. కానీ ఒక మాట," అంది. "నీ గట్టు దాకనే తవ్వి ఇడిసిపెడితే నీ ఉప్పునీళ్లన్ని నా చేన్ల పడతయి. నా పక్కకెల్లి కూడ హళ్ళ మన్ను పడి పూడిపోయింది. పెద్దహళ్ళ దాకా తవ్వాల. తవ్విస్తవా?"

తవ్విస్తానని బాపయ్య చెప్పాడు. ఒట్టేసి చెప్పాడు.

ఆమె అతని పొలంలో ఈ చివరినుంచి ఆ చివరకు నడిచింది. ఎక్కడ వంపు తిరిగేదో, ఎక్కడ ఇసకమేట ఉండేదో, ఎక్కడ ఎడ్లను కడిగేవాళ్లో కాళ్లకే తెలుసు. ఆమె అడుగు పెట్టినచోటల్లా బాపయ్య ఒక పుల్ల నాటాడు. నడుములోతు తవ్వేసరికి పాత ఇసక బయటపడింది. పదిహేను రోజుల్లో అతని పొలం పొడుగునా హళ్ళ మళ్లీ తెరుచుకుంది. నింగమ్మ గట్టు దగ్గరికి వచ్చేసరికి మిరుగు కార్తె వచ్చింది, వాన పడింది, కూలీలంతా నారుమళ్లకు మళ్లారు. మిగతాది నాట్లయ్యాక అన్నాడు బాపయ్య.

నాట్లు మొదలైన పది రోజులకే తెరిచిన హళ్ళ వెంట ఎగువ మడుల మురుగు దిగింది. ఉప్పు కడుక్కుంటూ, పోయే చోటు లేక, నింగమ్మ చేన్లో పరుచుకుంది. చౌడుబారిన నేల మీదైతే ఆమె పట్టించుకునేది కాదు. అది తూర్పు మూలకు ఎక్కింది. అక్కడ ఆమె వేసిన పెసర అప్పుడే పూతకొచ్చింది. మూడో రోజుకు ఆకు వాలిపోయింది.

ఆమె బాపయ్య దగ్గరికి పోయింది. పది రోజులు ఓపిక పట్టమన్నాడు. మర్నాడు మళ్లీ పోతే ఇంట్లో లేడని చెప్పారు. మూడో రోజు తెల్లవారి పార తీసుకుని, జమ్ము కట్టలూ రాళ్లూ మోసుకెళ్లి, తన గట్టు దగ్గర హళ్ళను మూసేసింది. ఒక్కతే చేసింది. మధ్యాహ్నానికి నడుం పని చేయలేదు గానీ నీళ్లు ఆగాయి. ఆగి వెనక్కి ఎక్కాయి. బాపయ్య కొత్తగా నాటిన దిగువ మడుల్లో నారు కొసలు కూడా మునిగాయి.

బాపయ్య పరుగున వచ్చాడు. ఆమె తన కట్ట మీద కూర్చుని ఉంది. అతను తిట్టలేదు, కొట్టడానికి రాలేదు. తియ్యమని బతిమాలాడు. నారు రెండు రోజులు మునిగితే పోతుందన్నాడు.

"నాది ఏండ్ల సంది మునిగుంది, సావుకారీ," అంది నింగమ్మ. "నేను సచ్చిననా?"

సాయంత్రానికి ఊరి పెద్ద అమరప్ప మనిషిని పంపించాడు. చావడి దగ్గర జనం చేరారు. నింగమ్మ తన సంగతంతా చెప్పింది. హళ్ళ పూడ్చడం, బావి నీళ్లు పైకి రావడం, సూర్యప్రకాశ్ తీసిన గొయ్యి, బాపయ్య వేసిన ఒట్టు. అందరూ విన్నారు. అందులో అబద్ధం ఉందని ఒక్కరూ అనలేదు. కానీ హిరేదొడ్డిలో సగం ఇళ్లు అప్పటికి క్యాంపు పొలాల కూలి మీదే పొయ్యి వెలిగించుకుంటున్నాయి. మొదట మాట్లాడింది ఆమెతో పాటు పదేళ్లు పక్క సాలులో నాటు వేసిన పంపన్న పెళ్లాం.

"ఆ మడులు పోతే కోతలు మాకేడ దొరుకుతయి, నింగక్కా?" అంది. "నీ ఒక్కదాని కోసం అందరి కూడు ముంచుతవా?"

ఆ మాటకు నింగమ్మ తల తిప్పి ఆమెను చూసింది, తరవాత కూర్చున్న ఆడవాళ్లందరినీ చూసింది. వాళ్లలో ఎవరూ ఆమె కళ్లలోకి చూడలేదు. అమరప్ప తీర్పు చెప్పాడు. పారే నీళ్లకు అడ్డం వేయడం తప్పు, కట్ట తీసేయాలి. నాట్లయ్యాక గాదు, పంట కోతయ్యాక బాపయ్య మిగతా హళ్ళను పెద్దహళ్ళ దాకా తవ్వించాలి. నక్కల హళ్ళను పూడ్చింది కూడా పారే నీళ్లకు అడ్డం వేయడమేనని నింగమ్మ అంది. అది పాత సంగతి అన్నాడు అమరప్ప.

కట్ట తీయడానికి నలుగురు మగవాళ్లు వెళ్లారు. ఆమె ఇంటికి వెళ్లిపోయింది. ఆ నీళ్లలో పెసర పోయింది, తూర్పు మూలకూ ఉప్పు పట్టింది.

బాపయ్య ఈసారి మాట తప్పలేదు. కోతలు కాగానే కూలీలను పెట్టి పెద్దవాగు దాకా తవ్వించాడు. నింగమ్మ చేని పక్క పనికి తానే నిలబడ్డాడు. రెండేళ్లలో అతని నాలుగెకరాలూ తేరుకున్నాయి. ఎగువన కాలువ మంచినీళ్లు ఎన్నిసార్లంటే అన్నిసార్లు నిలబెట్టి, మట్టిలోని ఉప్పు కడిగి, హళ్ళలోకి దింపేశాడు. వరి పిలకలు వేసింది.

నింగమ్మ చేన్లోనూ నీళ్లు దిగాయి. గొయ్యి తీస్తే ఐదడుగుల దాకా తడి తగల్లేదు. కానీ ఉప్పు దిగలేదు. దాన్ని కడగాలంటే పైనుంచి మంచినీళ్లు కావాలి, ఒకసారి గాదు, పదిసార్లు. ఆమె చేనికి తూము లేదు. కాలువ తవ్వినప్పుడు ఆ పల్లానికి తూము వేయనేలేదు. బాపయ్య తన బోదె నుంచి ఒక నెల నీళ్లు వదిలాడు. ఆ ఏడు కాలువలో నీళ్లు తగ్గాయి. మడులు నెర్రెలిస్తున్నాయని చెప్పి బోదె మూసేశాడు. చెప్పడానికి వెంకటరత్నమ్మను పంపించాడు. ఆమె వచ్చి గుమ్మంలో నిలబడి చాలాసేపు వేరే సంగతులు మాట్లాడింది. అసలు మాట చెప్పకముందే నింగమ్మ అర్థం చేసుకుని, సరే పోమ్మా అంది.

మరుసటి మాఘంలో నింగమ్మ ఇంటికి తాళం వేసి పుట్టినూరు జాలహళ్ళికి పోయింది. అన్న యంకప్పకు అక్కడ ఎనిమిదెకరాల మెట్ట ఉంది. జొన్నకోతకు మనుషులు చాలక కబురు పెట్టాడు. బస్సు దిగి చేనికి నడుస్తుంటే ఆమెకు తెలియకుండానే కాళ్లు నెమ్మదించాయి. రెండు వైపులా తెల్లజొన్న, ఎండి గలగలమంటూ. నేల నెర్రెలు విచ్చి నల్లగా, పొడిగా ఉంది. వంగి ఒక పెళ్ల తీసి చేతిలో నలిపింది. వాసన చూసింది. నాలుక మీద పెట్టుకోబోయి, దారినపోయేవాళ్లు చూస్తున్నారని పారేసింది.

కోత మూడో రోజు మధ్యాహ్నం అన్నాలు తినే వేళ యంకప్ప సంబరంగా వచ్చాడు. చేని అవతల బాట మీద సర్వేవాళ్లు దిగారు. కృష్ణ మీద కట్టే డ్యామునుంచి ఎప్పటికో ఇటువైపు కూడా కాలువ వస్తుందట. ఎర్రజెండాలు పాతుకుంటూ పోతున్నారు. తరవాత హద్దురాళ్లు వేస్తారట. అతను రొట్టె చేతిలో పట్టుకుని తినడం మరిచిపోయి చెబుతున్నాడు. తమ చేను పల్లంలో ఉంది కనుక నీళ్లు తామంతట తామే దిగివస్తాయని, మోటారు కూడా అక్కర్లేదని.

నింగమ్మ చేను చుట్టూ చూసింది. ఎగువన మెరక, దిగువన అన్న చేను, అంచు వెంట రాళ్లు తేలిన ఒక ఎండువాగు.

"నీళ్లు వచ్చే తోవ అడగకు అన్నా," అంది. "పోయే తోవ ఏదో అడుగు. ఆ ఎండిన హళ్ళను ఎవరినీ ముట్టనియ్యకు. ముందు దాన్ని సర్కారు కాగితంల రాయించి పెట్టుకో."

యంకప్ప చెల్లెలి మొహం వైపు చూశాడు. రొట్టె తుంచుకున్నాడు. అతని పెళ్లాం పక్కనున్న కూలామెతో గొంతు తగ్గించి ఏదో అంది. చేను పోగొట్టుకున్న మనిషి, మన మేలు చూసి ఎట్ల ఓర్చుకుంటది అన్న మాట నింగమ్మకు వినబడింది. వినబడాలనే అన్నదేమో కూడా.

ఆమె లేచింది. చేతులు కడుక్కుని, కొడవలి తీసుకుని, మిగతావాళ్లు ఇంకా తింటుండగానే సాలులోకి దిగింది. పొద్దు వాలేదాకా అందరికంటే ముందే కోసుకుంటూ పోయింది. బాట మీద సర్వేవాళ్లు గొలుసు లాక్కుంటూ ఎండువాగు మీదుగా దాటి, ఎగువ మెరకకు ఎక్కి, అక్కడొక జెండా పాతారు.